కొత్త ఫోనుకి పట్టిన మసక

పజుండౌంగ్, యాంగోన్
జూలై 13, ఆదివారం

చిరంజీవి సూర్యకూ, కోడలు దేవికీ, ఇంకా పేరు పెట్టని మా మహారాణికీ నాన్న లింగరాజు రెండు చేతులూ ఎత్తి దీవిస్తూ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన కాలి కుట్టుమిషనూ కులాసా. అక్కడ మీరు ముగ్గురూ... ముగ్గురూ! చూశావా, ఆ మాట రాసేసరికి కలం ఆగిపోయింది. ఇన్నాళ్ళూ "మీరిద్దరూ" అని రాసేవాణ్ణి. ఇప్పుడు ముగ్గురు. ఒరే నాయనా, నా డెబ్బై రెండేళ్ళ బతుకులో ఇంత సంతోషం ఎరగను. నా పెళ్ళికి కూడా ఇంత లేదు. ఈ మాట మీ అమ్మకి చెప్పకు.

నీ ఉత్తరం మలేషియా నుంచి సెలవుకొచ్చిన బెంజమిన్ తెచ్చి ఇచ్చాడు. వాన పడుతోంది, అయినా ఇంటిదాకా ఆగలేక గొడుగు కింద వీధిలోనే విప్పి చదివాను. "ఫోనుండగా ఇంకా ఉత్తరాలేటి లింగరాజన్నా, తాతల కాలంలాగ?" అని కిళ్ళీకొట్టు బంగారురాజు నవ్వాడు. నవ్వనీ. లైను ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఉన్నప్పుడు కూడా ఫోనులో అనకూడని మాటలు కొన్ని ఉంటాయి, అది నీకూ తెలుసు. పైగా గుడి వెనక రేకుల షెడ్డులో నాలుగు తరగతులు చదివిన నా తెలుగు, నీచేత పలక మీద దిద్దించిన తెలుగు, మలేషియాలో ఫ్యాక్టరీ పని చేసే నీ చేతిలో ఇంకా బతికే ఉందని కాగితం చూస్తేనే కదా నాకు తెలిసేది! ఒత్తులు మాత్రం ఇంకా తాగినవాళ్ళలాగే పక్కకి వాలుతున్నాయి. పరవాలేదు, మనిషి నిలబడ్డాడు, అదే చాలు.

పిల్ల బొమ్మ చూశాం. ఎన్నిసార్లని రాయను? పొద్దున్న లేవగానే చూస్తాం, గంజి తాగి చూస్తాం, పడుకోబోయే ముందు చూస్తాం. ఆ ముక్కు నాదేనని నేనన్నాను. మీ అమ్మ తల అడ్డంగా ఊపి, చనిపోయిన వాళ్ళమ్మ పటం వైపు చెయ్యి చూపించింది. సరే, ముక్కు వాళ్ళకే వదిలేశాను. చెవులు మాత్రం నావి, వాటి మీద రాజీ లేదు. వీధిలో అందరికీ బెల్లం పంచాను. ఎదురింటి బర్మా మాస్టారమ్మకి కూడా ఇచ్చాను. ఆవిడ పిల్ల పుట్టిన వారం అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "తాత దగ్గరుండని పిల్ల, కానీ తాతకి అదృష్టం తెచ్చే పిల్ల" అంది.

పేరు అమ్మనే చెప్పమన్నావు కదా. నువ్వూ దేవీ రాసి పంపిన తొమ్మిది పేర్లూ మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను. కొన్నిటికి కళ్ళు మూసుకుంది. ఒకదానికి మొహం చిట్లించింది, అది ఏ పేరో రాయను, దేవి మనసు నొచ్చుకుంటుంది. "సుధ" దగ్గర నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకా రెండు పేర్లు మిగిలి ఉన్నాయి, చదవనివ్వలేదు. కాబట్టి సుధ. రాస్తుంటేనే నోట్లో చల్లగా ఉంది.

ఇక ఫోను సంగతి. "నాన్నా, మొహమాటపడకుండా పాతదానికీ కొత్తదానికీ తేడా రాయి, మంచీ చెడూ రెండూ రాయి" అన్నావు. రాస్తాను. యాభై అయిదేళ్ళు బట్టలు కుట్టినవాణ్ణి, మంచీ చెడూ చూడడం నాకు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది? గుడ్డని ముందు వెలుగుకి ఎత్తి నేత చూస్తాం. తర్వాత గుప్పిట్లో నలిపి చూస్తాం. చివర అంచు చూస్తాం. నీ ఫోనునీ ఫిబ్రవరి నుంచి అలాగే చూస్తున్నాను.

తెర గొప్పది. పాతదాంట్లో నువ్వు అరిగిపోయిన సబ్బుబిళ్ళంత ఉండేవాడివి, అందులోనూ పగులు నీ మొహం మీదుగానే పోయేది. ఇప్పుడు నీ గడ్డం మీద కోసుకున్న గాటు కూడా కనిపిస్తుంది. కిందటి నెల కనిపించిందిలే, అడగలేదు. పిల్ల గోళ్ళు కనిపించాయి. గోళ్ళురా! బియ్యపు నూకంత లేవు.

కానీ ఆ పెద్దతనమే దానికి చెడు కూడా. మన ఊళ్ళో మగాళ్ళందరం ఫోను లుంగీ ముడిలో, నడుం వెనక దోపుకుని తిరిగేవాళ్ళమే కదా. పాతది అక్కడ పిల్లిలా పడుకునేది. ఇది అలా కాదు. వీపు నున్నగా జారుతుంది, బరువుకి లుంగీ వదులవుతుంది. ఒకరోజు బజార్లో ఫోను కిందికీ, దాని వెనకే లుంగీ కిందికీ బయల్దేరాయి. ఫోను పట్టుకోవాలా, పరువు పట్టుకోవాలా? "లుంగీ పట్టుకో అన్నా! ఫోనైతే నీ గుంటడు మళ్ళీ పంపుతాడు" అని బంగారురాజు కొట్టులోంచి అరిచాడు. ఆ సాయంత్రమే మిగిలిన లుంగీ గుడ్డతో సంచి కుట్టి మెడలో వేసుకున్నాను. ఇప్పుడు నన్ను పోస్టుమాస్టరంటున్నారు.

గొంతు గట్టిది. నువ్వు మాట్లాడితే మూడు గదుల అవతల వాళ్ళు కూడా జవాబు చెబుతున్నారు. నా చెవులకి అది మంచిదే. బ్యాటరీ కూడా మంచిదే. కరెంటు వంతులవారీగా వస్తోంది కదా, కొన్ని రోజులు అదీ రాదు. పాతదానికి పూటకోసారి ఆకలేసేది, ఇది ఒంటెలాగ రెండు రోజులు ఆగుతుంది. కానీ పాతదాని బ్యాటరీ ఉబ్బితే వెనక మూత తీసి కొత్తది వేసుకునేవాళ్ళం. దీనికి మూతే లేదు. లోపల ఏం జరుగుతోందో చూపించని వస్తువంటే నాకు కొంచెం భయం.

వేలిముద్ర మాట చెప్పాలి. ఫోన్లకొట్టులో బర్మా పిల్ల నా బొటనవేలు అద్దం మీద పెట్టించింది. తీసుకోలేదు. చూపుడువేలు పెట్టించింది. తీసుకోలేదు. పదివేళ్ళూ అయ్యాయి. "ఊలే, మీకు వేలిముద్రలే లేవు" అని సొంత బాబాయిని పిలిచినట్టు పిలిచి ఆ పిల్ల నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది. సూదీ, సుద్దముక్కా, ఇస్త్రీ వేడీ కలిసి ఎప్పుడో తినేశాయి. నేను ఎవరో ఈ ఫోనుకి ఎప్పటికీ తెలియదు. చివరికి మీ అమ్మ బొటనవేలు పెట్టించాం, ఒక్కసారికే ఒప్పుకుంది. కాబట్టి ఫోను నా మెడలో, తాళం ఆవిడ చేతిలో. అంకెలు నొక్కినా తెరుచుకుంటుందిగానీ, నేను ప్రతిసారీ మంచం దగ్గరికే తీసుకెళ్తాను.

దీపం కూడా మంచిదే. చాలా మంచి దీపం. దాని గురించి కింద రాస్తాను.

ఇక మిగిలింది కెమెరా. నువ్వేం రాశావో ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే రాస్తుంటే నాకు ధైర్యం వస్తుందేమోనని. "నాన్నా, వీడియోలో మూడు నెలల నుంచీ మీరిద్దరూ పొగలో కూర్చున్నట్టున్నారు. నేను మీకు బాగా కనిపిస్తున్నానంటున్నారు, మరి నాకే ఎందుకిలా? కొట్టువాడితో దెబ్బలాడాను. వస్తువు తెస్తే మారుస్తానన్నాడు. బెంజమిన్ అన్న తిరిగి వచ్చేటప్పుడు ఫోను అతని చేతికివ్వు. అమ్మ మొహం సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో." ఇంకోటి కూడా అడిగావు. "అమ్మ మాట్లాడదేం? ఎప్పుడు చూసినా నోట్లో కిళ్ళీయేనా? మాన్పించు నాన్నా."

నిన్న సాయంత్రం బెంజమిన్ ఫోను కోసం వచ్చాడు. బుధవారం అతని ప్రయాణం. నేను ఇవ్వకుండా తప్పించుకోవాలని చూశాను. ఛార్జింగులో ఉందన్నాను.

"కరెంటు లేకుండా ఛార్జింగేటి మామా? మా చర్చిలో కూడా ఇలాంటి అద్భుతం జరగలేదు," అని నవ్వుతూ నా మెడలో సంచిలోంచి తనే తీసుకున్నాడు.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుగుకి ఎత్తాడు. నేను గుడ్డ చూసినట్టే చూశాడు. తెర పైన చిన్న చుక్కలాంటి కన్ను ఉంటుంది కదా, దాన్ని గోటితో గీకాడు. గోటికంటిన పొడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మామా, దీనికి రోగమేటీ లేదు. తనకా చెక్క గంధం అంటుకున్నాది."

"అత్త బుగ్గలకి రాసుకున్నప్పుడు అంటుకుని ఉంటాదిరా."

"అలాగంటితే అద్దమంతా అంటుతాది. ఇది కందిబద్దంత ఉన్నాది, అంచు కూడా దాటలేదు." నా వంక చూశాడు. అప్పుడు నవ్వు లేదు. "కుట్టుపనోడు రాసినట్టున్నాది మామా."

నేను ఫోను కోసం చెయ్యి చాపాను. అప్పుడు కర్టెను వెనక మంచం మీంచి మీ అమ్మ మాట వినిపించింది. ఇప్పుడు ఆవిడ మాట ముద్దగా వస్తుంది, కొత్తవాళ్ళకి అర్థం కాదు. నాకు తెలుస్తుంది.

"నాకు తెల్సు," అంది.

నేను కర్టెను తీశాను.

"మొదలునించీ తెల్సు. ఎనిమిదేళ్ళ గుంటప్పట్నించీ రాసుకుంటన్నాను. నా గంధం వాసన నాకు తెలీదేటి?"

"మరి నాతో సెప్పలేదేం దేముడమ్మా?"

"నువ్వు నాతో సెప్పినావేటి?"

బెంజమిన్ జేబురుమాలు తీశాడు. "నువ్వు కాదు బాబూ. ఆయనే తుడవాల," అంది.

సూర్యా, ఇక్కడ ఆగు. నిలబడి చదువుతుంటే కూర్చో. దేవి దగ్గరుంటే పక్కన కూర్చోబెట్టుకో. పిల్ల నిద్రపోతుంటే లేపకు.

మీ అమ్మకి నోట్లో పుండు. మామూలు పుండు కాదు. నువ్వు ఫోను పంపక ముందు నుంచీ కారం మండుతోందనేది, ఉప్పు మండుతోందనేది. వేడిచేసిందనుకున్నాం. మార్చిలో ఒక సాయంత్రం కరెంటు లేదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు తిరిగి ఉమ్మేసింది. నోరు తెరవమన్నాను. నీ ఫోను దీపం వెలిగించి చూశాను. కుడి బుగ్గ లోపల, గుడ్డ చిరిగి పోగులు లేచినట్టుంది, కొంత తెల్లగా, కొంత ఎర్రగా. పాత ఫోను దీపమైతే నాకు కనిపించేది కాదు. ఇందాక మంచి దీపమని అందుకే రాశాను. దాన్ని మంచి అనాలో చెడు అనాలో నాకింకా తేలలేదు.

పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ మంచిది, నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పింది. మెడలోకి దిగిపోయిందట. ఇప్పుడు కోసినా పెద్ద లాభం ఉండదట, ఈ వయసుకి ఆ కోత తట్టుకోవడం కూడా కష్టమట. నొప్పికి మందిచ్చింది. మీ అమ్మకి అన్నీ తెలుసు. తనే అడిగింది, డాక్టరమ్మ తనకే చెప్పింది. నలభై ఏళ్ళు నమిలిన కిళ్ళీ. మార్చిలోనే మానేసిందిరా. నోట్లో కిళ్ళీ ఉంది, అందుకే మాట్లాడదని నీకు చెప్పినవన్నీ నా అబద్ధాలు. మాట ముద్దగా రావడానికి వేరే సాకు దొరకలేదు. ఏ కిళ్ళీ ఆవిణ్ణి తినేసిందో, నీ దగ్గర ఆ కిళ్ళీ పేరే చెప్పుకున్నాను.

ఈ ఏడాదిలో ఆవిడ జాకెట్లు మూడుసార్లు విప్పి లోపలికి కుట్టాను. మూడోసారి గుడ్డ ఎక్కువై మడత గరుకుగా వచ్చింది. కత్తిరించెయ్యొచ్చు, కత్తిరించలేదు. మళ్ళీ వదులు చెయ్యాల్సి వస్తే గుడ్డ ఉండాలి కదా అని లోపల మడిచిపెట్టే ఉంచాను. పిచ్చి. తెలుసు.

గంధం సంగతి ఎలా మొదలైందో చెబుతాను. ఏప్రిల్ నాటికి కుడి బుగ్గ వాచింది. మొహాన తనకా లేకుండా ఆవిడ ఏ రోజూ ఉండలేదని నీకు తెలుసు. చేతుల్లో బలం తగ్గింది కాబట్టి చెక్కని రాతి మీద అరగదీసి నేనే రాస్తున్నాను. వాచిన వైపు మెల్లగా, ఇటువైపు మామూలుగా. ఒక ఆదివారం నా వేళ్ళకి తడి గంధం ఉండగానే నువ్వు చేశావు. తొందరలో ఫోను తీశాను. "నాన్నా, ఏంటి, మంచులో ఉన్నారా?" అని నవ్వావు. అంతకు ముందు వారమంతా నాకు నిద్రలేదు, ఆదివారం నువ్వు ఆ బుగ్గ చూస్తావని. నువ్వు నవ్వేసరికి, దేవుడే నా వేలు పట్టుకుని రాయించాడనుకున్నాను. మొదటిసారి పొరపాటు. రెండో ఆదివారం నుంచీ పొరపాటు కాదు. నీ ఫోను వచ్చే వేళకి ఐదు నిమిషాల ముందు రాసేవాణ్ణి, పల్చగా, రంగు తెలిసేలా, గుర్తులు తెలియకుండా.

ఎందుకంటావా? నువ్వు ఉగాదికి రాసిన ఉత్తరం నా మిషను సొరుగులో ఉంది. "అమ్మకి ఏమైనా అయితే ఉద్యోగం పోయినా సరే, మొదటి విమానం ఎక్కి వచ్చేస్తాను" అన్నావు. ఊరికే రాయవని తెలుసు. వస్తావని కూడా తెలుసు. నీకు ముప్ఫై ఒకటి, ఇక్కడ ముప్ఫై అయిదు లోపు మగపిల్లల్ని సైన్యంలోకి పట్టుకుపోతున్నారు. మన వీధిలో దుర్గ చిన్నకొడుకు నీకంటే రెండేళ్ళు చిన్న. తండ్రి పోయాడని కిందటేడు వచ్చాడు, మింగళాడోన్ విమానాశ్రయంలో దిగి ఇంటికొచ్చాడు, పదకొండో రోజు కర్మలు చేశాడు. తిరిగి వెళ్ళేలోపే సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఎక్కడున్నాడో ఉత్తరం లేదు. దుర్గ నా దగ్గరికి వచ్చి వాడి పాత చొక్కాలు తన కొలతకి మార్చి కుట్టమంది. కుట్టి ఇచ్చాను. ఆ చొక్కాలు వేసుకుని వీధిలో తిరుగుతుంది. నేను రోజూ చూస్తాను.

బెంజమిన్‌కి యాభై దాటాయి, అతను వచ్చినా పోయినా ఎవరికీ పట్టదు. నీ సంగతి వేరు. ఇక్కడ అడుగుపెడితే తిరిగి పోనిస్తారన్న నమ్మకం లేదు. ఇప్పుడు నీ వెనక దేవి ఉంది. సుధ ఉంది.

కానీ నాయనా, నిన్న గంధం తుడుస్తూ ఒక సంగతి అర్థమైంది. అది రాయకపోతే ఈ ఉత్తరం అంతా దండగ. ఏప్రిల్లో మీ అమ్మ మొహం ఇంకా మీ అమ్మ మొహంలాగే ఉంది. ఒక బుగ్గ వాచిందంతే. నవ్వితే నవ్వులాగే ఉండేది. ఆ మొహాన్ని నువ్వు చూసి ఉండవలసింది. నేను దాన్ని దాచాను. ఇప్పుడు దాచాలన్నా దాచలేనంత అయింది, ఇప్పుడు చూపిస్తున్నాను. మంచి గుడ్డ పెట్టెలో దాచి, పురుగు కొట్టాక బయటికి తీసినవాణ్ణి నేను. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం నిన్ను అద్దంలో చూసినట్టు చూసింది. కళ్ళారా చూసింది. ఆ భాగ్యం నీ వైపు లేకుండా చేసింది నేనే, మీ అమ్మ కాదు, ఫోను కాదు. పాపం ఆ కొట్టువాడి తప్పు అంతకన్నా లేదు. వాడితో దెబ్బలాడావు కదా, వెళ్ళి మంచి మాట చెప్పిరా. ఫోను పంపడం లేదు. ఈ ఉత్తరమే పంపుతున్నాను.

బెంజమిన్ నిన్న వెళ్ళేముందు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ పద్ధతిలో ప్రార్థన చేశాడు. మీ అమ్మ చేతులు జోడించింది. అయ్యాక, నేను అడగలేక నాలుగు నెలలుగా మింగుతున్న మాట అతనే అడిగేశాడు.

"అత్తా, సూర్య రాలేకపోతే తలకొరివి ఎలాగ? నీ మనసులో ఏటున్నాది?"

మీ అమ్మ కళ్ళు మూసుకుంది. నొప్పేమో అనుకున్నాను. మాటలు కూడగట్టుకుంటోంది. ఒక్కొక్క మాటా ఆగి ఆగి, ఇలా అంది.

"నిప్పు ఎవలెట్టినా మండుతాది బాబూ. ఈయనే ఎడతాడు. నా గుంటడు బతికుండాల."

తర్వాత నా వైపు తిరిగి, "ఆడికి రాసీ. నన్ను ఇలగే సూడమను. నా మనవరాలికి నాను కనబడాల. పొగ కాదు," అంది.

గుడి పెద్దని అడిగాను. భర్త పెట్టవచ్చు, దోషం లేదన్నాడు. కాబట్టి అది నా పని. నువ్వు దాని గురించి కుమిలిపోవద్దు. ఎన్ని నెలలో, ఎన్ని వారాలో డాక్టరమ్మ చెప్పలేదు. మీ అమ్మ అడగలేదు.

వచ్చే ఆదివారం పొద్దున్న పదికి చెయ్యి. కరెంటు ఉన్నా లేకున్నా ఫోను నిండుగా ఉంచుతాను, కిటికీ దగ్గర మంచం జరుపుతాను. మొహం చూసి నువ్వు ఉలిక్కిపడతావు. పడు, తప్పులేదు. కానీ కళ్ళు తిప్పుకోకు. ఆవిడ నీ కళ్ళే చూస్తుంది. ఎలా ఉన్నావని అడగకు, జవాబు చెప్పడం కష్టం. నువ్వే మాట్లాడు. ఏం తిన్నావో చెప్పు, దేవి ఏం వండిందో చెప్పు, ఫ్యాక్టరీలో ఎవరితో కొట్లాడావో చెప్పు. పిల్లని దగ్గరగా పెట్టు, బాగా దగ్గరగా. ఏడ్చినా పరవాలేదు, ఆ ఏడుపు ఆవిడకి వినాలనుంది.

నేను ఇంత సంతోషంగా మొదలుపెట్టిన ఉత్తరం ఇలా తిరిగిందని నా సంతోషం అబద్ధమనుకోకు. అది నిజం. నాకు మనవరాలు పుట్టింది, మీ అమ్మ దాని గోళ్ళు చూసింది, దానికి పేరు పెట్టింది. ఈ ఏడాది ఇంత మేలు జరుగుతుందని నేననుకోలేదు. రెండూ ఒకే ఏడాదిలో వచ్చాయి, నేనేం చెయ్యను? నవ్వుతూ ఏడుస్తున్నాను, ఏడుస్తూ బెల్లం పంచుతున్నాను. బంగారురాజు నాకు మతి చలించిందనుకుంటున్నాడు.

చివరగా ఒకటి అడుగుతాను. ఏ తండ్రీ కొడుకుని అడగని మాట. ఫోనులో కాదు, ఉత్తరం అందిన రోజే కాగితం మీద నీ చేత్తో, ఆ వాలిపోయే అక్షరాలతో, ఒక్క మాట రాయి. "రాను" అని రాయి. కింద నీ సంతకం పెట్టు. దాన్ని ఫొటో తీసి పంపు. మీ అమ్మకి చదవడం రాదు, నేను చదివి వినిపిస్తాను. నోటితో చెబితే నమ్మదు, నువ్వు తన కొడుకువని తెలుసు కదా. రాత్రిళ్ళు తలుపు చప్పుడైతే చాలు, మందు మత్తులో కూడా లేచి కూర్చుంటోంది, నువ్వు వచ్చేశావేమోనని. సంతోషంతో కాదు, భయంతో. ఆ ఒక్క మాట వింటే పడుకుంటుంది.

నువ్వు అది రాయడానికి నీ ప్రాణం ఎంత కొట్టుకుంటుందో నాకు తెలుసు. అయినా రాయి, నాయనా.

ఇట్లు,
మీ నాన్న, సుధకి తాత,
లింగరాజు